ఓడకి రెండో ఉద్యోగం

గాంధీ ఫోటోలు చూసినన్ని సార్లు మనలో చాలామంది సొంత తాతగారి ఫోటోలు కూడా చూసి ఉండరు. అన్నీ ఒకేలా అనిపించే ఆ ఫోటోల మధ్య, 1931లో ఓడ డెక్కు మీద తీసినవి వస్తే మాత్రం నేను ఆగిపోతాను. నిజం చెప్పాలంటే అక్కడ నేను చూసేది గాంధీని కాదు, ఆయన వెనకాల ఉన్న రెయిలింగుని, ఆయన కాళ్ళ కింద ఉన్న చెక్క నేలని. ఆ ఓడ పేరు ఎస్‌.ఎస్‌. రాజ్‌పుతానా. రెండో రౌండ్ టేబుల్ సమావేశానికని ఆగస్టు 29న ఆయన బొంబాయిలో ఎక్కింది దాన్నే. పదేళ్ళు తిరక్కుండా అదే ఓడ ఒంటికి తుపాకులు తగిలించుకుని, పేరు ముందు ‘హెచ్‌.ఎమ్‌.ఎస్‌.’ అనే మూడక్షరాలు చేర్చుకుని, ఐస్‌లాండ్ దగ్గర చలి నీళ్ళలో మునిగిపోయింది. అహింస గురించి ప్రపంచానికి చెప్పడానికి బయల్దేరిన మనిషి పడుకున్న డెక్కు!

ఇది తెలిశాక ఇంక ఊరుకోలేకపోయాను. శని, ఆదివారాలు ఈ ఓడల వెనక పడ్డాను.

ముందు ప్రయాణం సంగతి. గాంధీ సెకండ్ క్లాసులో వెళ్ళారని పుస్తకాల్లో గొప్పగా రాస్తారు. కానీ ఈ ఓడలో ఉన్నవి రెండే తరగతులు, ఫస్టూ సెకండూ. టికెట్ కొనుక్కునేవాళ్ళకి అంతకంటే కింద ఇంకేమీ లేదు. అందుబాటులో ఉన్నవాటిలో అట్టడుగుది ఆయన తీసుకున్నారు, అంతే. ఎక్కువసేపు డెక్కు మీదే గడిపారు, అక్కడే పడుకున్నారు, అక్కడే సాయంత్రం ప్రార్థన, అక్కడే రాట్నం. ఓడలో ఉన్న తెల్లవాళ్ళ పిల్లలు ఆయన చుట్టూ చేరేవాళ్ళట. వెంట వచ్చినవాళ్ళు మోసుకొచ్చిన సామాను చూసి ఆయన చిరాకుపడటం, కొన్ని పెట్టెల్ని ఏడెన్ నుంచే వెనక్కి పంపించేయడం నాకు బాగా నచ్చిన ఘట్టం. మదన్ మోహన్ మాలవీయ అదే ఓడలో ఉన్నారు. మన హైదరాబాదు సరోజినీ నాయుడు కూడా. మహదేవ్ దేశాయ్ ‘యంగ్ ఇండియా’కి రాసి పంపిన ఉత్తరాల్లో ఇదంతా ఉంటుంది. ఆయన గద్యంలో నాకు నచ్చేది ఆ కాస్త కొంటెతనం. గురువుగారి గురించి రాస్తున్నా వీలు దొరికిన చోట నవ్వుతాడు.

ఇక ఓడ. పీ అండ్ ఓ కంపెనీ 1924–25లో లండన్–బొంబాయి మార్గం కోసం నాలుగు అక్కచెల్లెళ్ళని నీళ్ళలోకి దించింది: రాంచీ, రాణ్‌పురా, రావల్పిండి, రాజ్‌పుతానా. ఒక్కోటీ పదహారు వేల టన్నుల పైమాట. చివరి రెండిటినీ స్కాట్లండులోని గ్రీనక్‌లో హార్లండ్ అండ్ వుల్ఫ్ కట్టింది. ‘టైటానిక్’ కట్టిన కంపెనీయే. రావల్పిండిని జలప్రవేశం చేయించింది లేడీ బర్కెన్‌హెడ్, అప్పటి భారత వ్యవహారాల మంత్రిగారి భార్య. మీరే ఒక రాజ్యాంగం రాసుకుని చూపించండి చూద్దాం అని మనల్ని సవాలు చేసిన బర్కెన్‌హెడ్ ఆయనే. ఇక్కడ ఊళ్ళ పేర్లు అక్కడ ఇనుముకి పెట్టి, అక్కడి దొరసాని చేత సీసా పగలగొట్టించి, మళ్ళీ ఇక్కడికే టికెట్లు అమ్మడం. వ్యాపారం అంటే అలా ఉండాలి మరి.

ఆ ఓడల్ని నడిపినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. ‘లాస్కర్లు’ అనేవాళ్ళు. పీ అండ్ ఓ వాళ్ళకి పద్ధతి ప్రకారం మనుషుల్ని ఎంచుకోవడం అలవాటు. డెక్కు పనికి కొంకణ తీరం, గుజరాత్ వైపువాళ్ళు, బాయిలర్ల దగ్గరికి పంజాబు, సరిహద్దు ప్రాంతాల ముస్లిములు, భోజనాల హాల్లో వడ్డించడానికి గోవా క్రైస్తవులు. జీతం బ్రిటిష్ నావికుడి జీతంలో చిన్న వంతు. గాంధీ పడుకున్న డెక్కుని పొద్దున్నే నీళ్ళు కొట్టి కడిగింది వీళ్ళే. సెకండ్ క్లాసు కింద ఇంకేమీ లేదని పైన రాశాను కదా, అది టికెట్ కొన్నవాళ్ళ లెక్క.

1939 ఆగస్టు 26న, అంటే యుద్ధం ప్రకటించడానికి వారం ముందే, రావల్పిండిని అడ్మిరాల్టీ తీసేసుకుంది. డిసెంబరుకి రాజ్‌పుతానా కూడా యుద్ధ నౌక అయిపోయింది. నలుగురు అక్కచెల్లెళ్ళూ అంతే. ఇలా తీసుకున్న ఓడలు యాభైకి పైనే. ఏం మార్చారు? ఎనిమిది ఆరంగుళాల తుపాకులు, రెండు చిన్న విమాన విధ్వంసక తుపాకులు పెట్టారు. బూడిద రంగు వేశారు. దెబ్బ తగిలినా కొంతసేపు తేలాలని చాలా ఓడల్లో సామాను గదుల నిండా ఖాళీ పీపాలు కుక్కారు. ఆ తుపాకులు కూడా అప్పటికే ముసలివి. గోదాముల్లోంచి దుమ్ము దులిపి తెచ్చినవి.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ పని కాబట్టి ఈ భాగం చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఒక పనికి కట్టిన దాన్ని ఇంకో పనికి వాడటం మా ఫీల్డులో రోజూ జరిగేదే. పై పొర మారుస్తాం, పేరు మారుస్తాం, లోపలి ఎముకలు అవే. ప్రయాణికుల ఓడ ఎముకలు ఎలా ఉంటాయి? ఎత్తైన పక్కలు, అంటే దూరం నుంచే కనపడుతుంది, గురి పెట్టడం తేలిక. కవచం లేదు. లోపలంతా చెక్క పనితనం, పొడుగాటి వరండాలు, నిప్పు పరుగెత్తడానికి ఇంతకంటే మంచి దారి లేదు. యుద్ధనౌకలో తుపాకులన్నిటినీ ఒకచోట నుంచి లెక్కకట్టి గురిపెట్టే ఏర్పాటు ఉంటుంది. ఇక్కడ ఏ తుపాకీ దగ్గరివాళ్ళు ఆ తుపాకీ చూసుకోవాల్సిందే. నలభై ఐదు కిలోల గుండుని మనుషులు చేతులతో అందించుకోవాలి. వేగం 17 నాట్లు. నావికులు ఈ ఓడల్ని ముద్దుగా ‘అడ్మిరాల్టీ చేయించిన శవపేటికలు’ అనేవాళ్ళు. ఇంగ్లీషులో ఆ మాటల మొదటి అక్షరాలూ, ఈ రకం ఓడల అధికారిక పేరులోని మొదటి అక్షరాలూ ఒకటే.

అయితే అడ్మిరాల్టీవాళ్ళు మూర్ఖులేమీ కాదు. ఈ ఓడల్ని పెట్టింది పెద్ద యుద్ధనౌకలతో పోరాడమని కాదు. జర్మనీకి సరుకు మోసుకెళ్ళే ఓడల్ని ఆపి సోదా చెయ్యమని. ఉత్తర సముద్రాల్లో వారాల తరబడి తిరగాలంటే పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్న ఓడ కావాలి, బోలెడు ఇంధనం పట్టాలి. ఆ పని లైనర్లు బాగా చేస్తాయి. రావల్పిండి అక్టోబరు 19న గోంజన్‌హైమ్ అనే జర్మన్ టాంకర్ని అడ్డగించింది కూడా. మావాళ్ళు ఎక్కేలోపే ఆ టాంకర్ని దాని సిబ్బందే ముంచేశారు. (మావాళ్ళు అని ఎందుకు రాశానో నాకే తెలీదు. ఓడ పేరు చేసే మాయ అది. అలాగే ఉంచేస్తున్నాను.) మొదటి ప్రపంచ యుద్ధంలో అయితే రెండు లైనర్లే ఒకదానితో ఒకటి కొట్టుకున్నాయి. 1914 సెప్టెంబరులో బ్రెజిల్‌కి దూరంగా, బ్రిటిష్ ఓడలా కనపడాలని ఒక పొగగొట్టం పీకేసుకున్న జర్మన్ లైనర్ కాప్ ట్రఫాల్గర్‌ని, కునార్డ్ కంపెనీ వారి కార్మేనియా ముంచింది. రెండు పెళ్ళి మండపాలు కత్తులు దూసుకున్నట్టు ఊహించుకోండి. కానీ అక్కడ ఇద్దరూ సమానం. అసలు చిక్కు వచ్చేది అవతల నిజమైన యుద్ధనౌక ఎదురైనప్పుడు.

1939 నవంబరు 23 సాయంత్రం, ఐస్‌లాండ్‌కీ ఫారో దీవులకీ మధ్య, రావల్పిండికి అదే ఎదురైంది. ఒకటి కాదు, రెండు. షార్న్‌హోర్స్ట్, గ్నైసెనౌ. ఒక్కోదానికీ తొమ్మిది పదకొండంగుళాల తుపాకులు. ఒక్కో గుండు మూడొందల కిలోల పైన. వేగం 31 నాట్లు. రావల్పిండి వేగానికి దాదాపు రెట్టింపు, కాబట్టి పారిపోవడం అనే మాటే లేదు. రావల్పిండి తుపాకీ గుండు వెళ్ళే దూరానికి రెండు మూడింతల దూరం నుంచి వాళ్ళు కొట్టగలరు. కెప్టెన్ ఎడ్వర్డ్ కెనడీ వయసు అరవై. రిటైరై ఇంట్లో ఉన్న మనిషిని యుద్ధం వచ్చిందని వెనక్కి పిలిచారు. మసక వెలుతురులో కనపడింది డాయిష్‌లాండ్ అనుకుని, శత్రునౌక కనపడిందని వైర్‌లెస్‌లో కబురు పంపాడు. ఆగమని షార్న్‌హోర్స్ట్ సంకేతం ఇచ్చింది. ఆగలేదు. నలభై నిమిషాల్లో అయిపోయింది. మధ్యలో రావల్పిండి గుండు ఒకటి షార్న్‌హోర్స్ట్‌కి తగిలింది కూడా. 238 మంది పోయారు, కెప్టెన్‌తో సహా. బతికి బయటపడ్డవాళ్ళు యాభై మంది కూడా లేరు. ఎక్కువమందిని జర్మన్లే నీళ్ళలోంచి తీశారు. మిగతా కొద్దిమందిని తీసిన ఓడ పేరు చిత్రాల్. అదీ పీ అండ్ ఓ లైనరే, అదీ మన ఉపఖండపు పేరే, దానికీ అదే కొత్త ఉద్యోగం.

యుద్ధ చరిత్రలు రాసేవాళ్ళు ఇక్కడ గొంతు సవరించుకుంటారు. సమఉజ్జీ కాని పోరాటం, వీరమరణం, సంప్రదాయం... ఫలితం లేకపోలేదు, నిజమే. కబురు బయటికి పోయింది కాబట్టి ఆ రెండు జర్మన్ నౌకలూ ముందుకి పోకుండా వెనక్కి మళ్ళి ఇంటికెళ్ళాయి. మరుసటి ఏడాది నవంబరు 5న జెర్విస్ బే అనే ఇంకో లైనర్, తను కాపలా కాస్తున్న 37 సరుకు ఓడలు చెల్లాచెదురై తప్పించుకునేదాకా అడ్మిరల్ షేర్ అనే యుద్ధనౌకకి ఎదురెళ్ళి మునిగింది. దాని కెప్టెన్ ఫెగన్‌కి విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఇవన్నీ చదివి నేను కదలకుండా ఉన్నానంటే అబద్ధం. కానీ ఆ వాక్యాలు రాసే తీరు మీద నాకు అనుమానం ఉంది. ‘ఓడ పోరాడింది’ అంటారు. ఓడ పోరాడదు. ఓడలో ఉన్న స్టూవర్డు, వంటవాడు, బాయిలర్ దగ్గరివాడు, సెలవు మధ్యలో పిలిపించిన రిజర్విస్టు, వీళ్ళు అక్కడ ఉంటారు. వాళ్ళని ఎవరూ ఏమీ అడగరు. పోరాడాలా వద్దా అన్నది పైన వంతెన మీద ఒక మనిషి తేలుస్తాడు. ఆ మనిషికి ఆ ఓడనే ఇచ్చి పంపింది ఎవరన్న ప్రశ్న వీరగాథలో పట్టదు.

ఆ వంతెన మీది మనిషి కథ ఇంకొంచెం ఉంది. ఆయన కొడుకు లుడోవిక్ కెనడీ తర్వాత పేరున్న రచయిత, టీవీ జర్నలిస్టు అయ్యాడు. తండ్రి చనిపోయేనాటికి అతనికి ఇరవై ఏళ్ళు, అప్పుడప్పుడే నౌకాదళంలోకి వస్తున్నాడు. అతను రాసినదాంట్లో నన్ను పట్టుకున్నది 1939 కాదు, 1921. బొగ్గుగని కార్మికుల సమ్మె టైములో ఎడ్వర్డ్ కెనడీకి వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో నౌకాదళ రిజర్విస్టుల బాధ్యత అప్పగించారు. ఆ రిజర్విస్టుల్లో చాలామందికి సానుభూతి సమ్మె చేసేవాళ్ళ వైపే. వాళ్ళలో అలజడి రేగితే ఈయన కొరడా తియ్యకుండా మాట్లాడి సర్దిచెప్పబోయాడు. దానికి కోర్టు మార్షల్ చేసి తప్పు పట్టారు. ఉద్యోగం అక్కడితో దాదాపు అయిపోయినట్టే. అంటే, మనుషులతో మరీ మెత్తగా ఉన్నాడని పంపించేసిన ఆఫీసరుని పద్దెనిమిదేళ్ళ తర్వాత పిలిచి, ఒక ప్రయాణికుల ఓడ ఇచ్చి, ఉత్తర సముద్రంలోకి తోశారు. పోయాక వీరుడన్నారు. తండ్రికి జరిగిన ఆ అన్యాయమే తనని జీవితాంతం తప్పుడు తీర్పుల మీద రాసేలా చేసిందని లుడోవిక్ నమ్మాడు. లండన్‌లో భార్యాబిడ్డల హత్యకేసులో 1950లో ఉరితీసిన టిమొథీ ఎవాన్స్ నిర్దోషి అని వాదిస్తూ అతను రాసిన పుస్తకం, 1966లో ఎవాన్స్‌కి మరణానంతర క్షమాభిక్ష రావడంలో పెద్ద పాత్రే పోషించింది. షార్న్‌హోర్స్ట్‌కి తగిలిన ఆ ఒక్క గుండు కంటే ఇదే దూరం వెళ్ళిందని నా అభిప్రాయం.

ఓడల్ని అడగకుండా తీసుకున్నారంటే అర్థముంది, ఓడ మాట్లాడదు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో రేడియోలో భారతదేశం కూడా యుద్ధంలో ఉందని చెప్పేశాడు. ఒక్క భారతీయ నాయకుడిని సంప్రదించలేదు. దేశానికి దేశాన్నే బూడిద రంగు వేసి, పేరు ముందు మూడక్షరాలు తగిలించినట్టు. దాని మీద కాంగ్రెస్ మంత్రివర్గాలు వరసగా రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం, అందులో ఉన్న మన టంగుటూరి ప్రకాశం, వి.వి. గిరి సహా, అక్టోబరు చివర్లో దిగిపోయింది. రావల్పిండి మునిగింది ఆ తర్వాత నెల తిరక్కుండా.

అదే శరదృతువులో మాట్లాడినవాళ్ళు ఇంకొందరు ఉన్నారు. బ్రిటిష్ రేవుల్లో లాస్కర్లు పని ఆపేశారు. యుద్ధంలోకి వెళ్ళమంటున్నారు కాబట్టి జీతం పెంచమన్నారు. వందల మందిని జైల్లో పెట్టారు. చివరికి అఖిల భారత నావికుల సమాఖ్య నాయకుడు ఆఫ్తాబ్ అలీ బేరమాడితే నూటికి ఇరవై ఐదు పెంచారు. సముద్ర యుద్ధం మీద నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో ఈ సమ్మెకి దొరికిన చోటు ఒక ఫుట్‌నోటు. తుపాకీ కొలతలకి మాత్రం అనుబంధాలు.

ఇక్కడ మా పెద్దమ్మ కొడుకు సంగతి చెప్పాలి. వైజాగులో చదివి, షిప్పులో సెకండ్ ఇంజనీరుగా చేస్తున్నాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. 2024 జనవరిలో గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మార్లిన్ లువాండా అనే టాంకర్ని క్షిపణి కొట్టింది. అందులో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. మంటలు ఆర్పడానికి సాయం వెళ్ళిన మన నౌకాదళపు ఓడ పేరు ఐ.ఎన్‌.ఎస్‌. విశాఖపట్నం. ఆ వార్త టీవీలో కింద స్క్రోల్ అయిన క్షణం నుంచి పెద్దమ్మ నాకు ఫోన్ల మీద ఫోన్లు. “ఒరేయ్ నాన్నా, నువ్వు కంప్యూటర్లో చూడగలవంటగా, వాడి షిప్పు ఎక్కడుందో చూడు.” విశాఖపట్నం, షిప్పు, మంటలు అన్న మూడు మాటలు కలిపి విని ఆవిడ ఇంకేదో అనుకుంది. షిప్పులు ఎక్కడున్నాయో చూపించే సైట్లు ఉంటాయి. అన్నయ్య షిప్పు ఆరు రోజులుగా అందులో కనపడటం లేదు. ఆ సముద్రంలోకి వెళ్ళేటప్పుడు కొన్ని ఓడలు తామున్న చోటు చెప్పే పరికరం ఆపేస్తాయని నాకు తెలుసు. అది పెద్దమ్మకి చెప్పలేదు. సిగ్నల్ లేదట అన్నాను.

పదో రోజున వాట్సాప్‌లో వచ్చాడు. గుడ్‌హోప్ అగ్రం చుట్టూ తిప్పారట, అంతే. సెలవుకొచ్చినప్పుడు అడిగాను: వెళ్ళనని చెప్పే హక్కు మీకు లేదా? “కాయితం మీద ఉందిరా. వద్దంటే దిగిపోవచ్చు, ఇంటికి టికెట్ కూడా వాళ్ళే వేస్తారు. తర్వాత కాంట్రాక్టు ఎప్పుడొస్తుందో అది కాయితం మీద ఉండదు,” అన్నాడు. కొంచెం ఆగి, “ఇంజన్ రూములో ఉంటే బయట ఏ సముద్రమో మాకేం తెలుస్తుంది, అన్నీ నలభై డిగ్రీలే,” అని నవ్వాడు. లాస్కర్ల గురించి చెప్తే ఆసక్తిగానే విన్నాడు. బాయిలర్ దగ్గరివాళ్ళకి ఎంతిచ్చేవాళ్ళు, ఎన్ని గంటలు వాచ్, అవే అడిగాడు. తుపాకుల గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

రాజ్‌పుతానాకి రావల్పిండిలా యుద్ధం అంటూ జరగలేదు. అట్లాంటిక్ మీద సరుకు ఓడల గుంపులకి కాపలాగా వెళ్ళడం, రావడం. 1941 ఏప్రిల్లో ఒక గుంపుని వదిలిపెట్టి వస్తూ, ఐస్‌లాండ్ పశ్చిమాన తిరుగుతోంది. 13న యు-108 అనే జర్మన్ జలాంతర్గామి టార్పీడో వేసింది. వెంటనే మునగలేదు, గంటకి పైగా పట్టింది. లీజియన్ అనే డెస్ట్రాయర్ వచ్చి 280 మందికి పైగా తీసింది. పోయినవాళ్ళు నలభై మంది పైన. వాళ్ళలో కమాండర్ రిచర్డ్‌సన్ ఒకడు. రాజ్‌పుతానా పీ అండ్ ఓ ఓడగా ఉన్నప్పటి ఆఖరి కెప్టెన్. ఓడకి ఉద్యోగం మారినప్పుడు పైన నౌకాదళం వాళ్ళ కెప్టెన్ వచ్చి కూర్చుంటే, ఈయన దిగిపోకుండా తన ఓడలోనే కింది స్థానంలో ఉండిపోయాడు. ఎవరూ సినిమా తియ్యని మనిషి. నాకు ఫెగన్ కంటే ఈయనే ఎక్కువసార్లు గుర్తొస్తాడు.

ఆ ఏప్రిల్లో ఇక్కడ వ్యక్తి సత్యాగ్రహం నడుస్తోంది. ఈ యుద్ధానికి మనిషినిగానీ డబ్బుగానీ ఇవ్వడం తప్పని నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి చెప్పి, వేలమంది ఒక్కొక్కరుగా జైలుకెళ్తున్నారు. పంపిస్తున్నది రాజ్‌పుతానా పాత ప్రయాణికుడే.

మిగిలిన ఇద్దరు అక్కచెల్లెళ్ళూ బతికి బట్టకట్టారు. రాంచీ యుద్ధం తర్వాత ఆస్ట్రేలియాకి వలసవెళ్ళేవాళ్ళని మోసి, 1953లో తుక్కైంది. రాణ్‌పురాని నౌకాదళం రిపేరు ఓడగా మార్చి ఉంచేసుకుంది. 1961 దాకా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రం తప్ప వేరే సమాధి లేని భారతీయ వర్తక నావికులు దాదాపు 6,000 మంది. వాళ్ళ పేర్లతో రెండు పుస్తకాలున్నాయి. రెండిట్లోనూ అవే పేర్లు. ఒకటి బంగ్లాదేశ్‌లో, చట్టోగ్రామ్ యుద్ధ శ్మశానంలో. ఇంకోటి ముంబైలో, ఇండియన్ సీమెన్స్ హోమ్‌లో. అన్నయ్య వచ్చే నెల మళ్ళీ షిప్పెక్కడానికి ముంబై వెళ్తున్నాడు. వీలుంటే అక్కడికి వెళ్ళి ఆ పుస్తకం చూడనిస్తారేమో కనుక్కోమన్నాను. మన తీరం పేర్లేమైనా ఉంటాయేమో, కాకినాడ, భీమిలి, మచిలీపట్నం.

“చూస్తాలే. ముందు మెడికల్ అవ్వనీ,” అన్నాడు.